ప్రమాణం చేయించిన షేరు

నా పేరు దొరస్వామి. దామలచెరువు మండీలో ముప్పై ఏండ్లుగా మామిడికాయల వ్యాపారం. ఈ ముప్పై ఏండ్లలో నాకు టోపీ పెట్టినోడు ఒక్కడంటే ఒక్కడు లేడు. బుట్టలో పైన మంచి కాయలు పేర్చి కింద మచ్చకాయలు దాచినోడి మొగం సూస్తానే చెప్పేస్తా. తువ్వాలు కింద వేళ్లు పట్టుకోని బేరం చేసేటప్పుడు ఎదుటోడి చెయ్యి చెమట పట్టిందంటే సాలు, వాడి కత నాకు తెలిసిపోతాది. ఇదంతా గొప్పలకు చెప్పడం లా. ఈ తెలివే కొంప ముంచింది. నా కొంప మునిగింటే పోనీలే అనుకుందును. మా కుప్పయ్య కొంప మునిగింది. అందుకని చెప్తాండా.

కుప్పయ్య మా చిన్నాయన కొడుకు. నాలుగెకరాల బెంగుళూరా మామిడితోట, దాని నడిమధ్యలో ఒక బోరు, అంతే వాడి ఆస్తి. రెండువేల సంవత్సరం వచ్చేతలికి ఆ బోరు ఎండిపోయింది. ట్యాంకరుతో నీళ్లు తోలి చెట్లను బతికించుకుంటాండె వాడు. ఆ టైములోనే చిత్తూరు ఆసామి ఒకడు తోట అమ్మమని వాడి ఎంట పడినాడు. ఈ పక్క, నేను నవంబరులో తొంభై రూపాయలకు కొన్న వేగవాణి టెలికాం షేరు మూడొందల నలభైకి పోయి కూర్చోనుండాది. ఆ సంగతి ఎవరో చెప్పినట్టుండారు, ఒక దినం కుప్పయ్య మండీకొచ్చి నా ముందర కూర్చున్నాడు.

"అన్నా, తోట అమ్మేసి ఆ షేర్లు కొందామనుకుంటాండా. వాటి సంగతి నాకు తెలీదు. నువ్వు సరే అంటే సరే. వద్దంటే వద్దు."

వాడంతే. చిన్నప్పటినించి నా మాట వాడికి వేదం.

"తొందరపడొద్దురా. ఆ షేరు కొనమని చెప్పిన పిల్లోడు ఆదివారం చిత్తూరికి వస్తాండాడు. వాడు దొంగో దొరో తేల్చుకోని అప్పుడు చెప్తా. నువ్వూ రా."

సూడండి, నా తప్పు ఆ మాటలోనే ఉండాది. దొంగో దొరో తేలిస్తే సాలనుకున్నా నేను.

ఆ పిల్లోడి పేరు నారాయణ్. తిరపతి స్వాముల పిల్లోడు. వాళ్ల నాయన సౌందరరాజన్ దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరైనాడు. ఈ పిల్లోడు మద్రాసులో ఒక షేర్ల కంపెనీలో ఎనలిస్టంట. ఫోన్లు, కంప్యూటర్ల కంపెనీల లెక్కలు సూసి, ఏది పెరుగుతాది ఏది పడతాది అని రిపోర్టు రాయడం వాడి ఉద్యోగం. చిత్తూరు హైరోడ్డులో మందులంగడి మిద్దెపైన రూపేష్ అనే పిల్లోడు షేర్ల ఆఫీసు పెట్టినాడు. నెలకొక ఆదివారం నారాయణ్‌ను పిలిపించి మాకు క్లాసు చెప్పిస్తాడు. మేమంతా వేగవాణి కొనింది ఆ క్లాసు ఇనే.

ఆ ఆదివారం క్లాసు వాడు చెప్పలా. మేము చెప్పినాం.

లాయరు మునిరామయ్య ముందే అందరి చెవులూ కొరికినాడు. "మద్రాసులో ఈ ఎనలిస్టుల్ని కంపెనీలోళ్లే మేపుతారంటప్పా. పెద్ద హోటల్లో అన్నం పెట్టి, పోయేటప్పుడు చేతిలో కవరు పెడతారంట. మూడొందల నలభై అయినాక కూడా అమ్మొద్దు, ఇంకా కొనండి అంటాండాడంటే ఏందనుకున్నారు? వాళ్లోళ్లు అమ్ముకునేదానికి మనల్ని కొనమంటాండాడు."

"నామం పెట్టుకున్నోడు మనకు నామం పెట్టకుండా పోతాడా" అని వెనకనించి ఎవరో అన్నారు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. కుప్పయ్య ఒక్కడే నవ్వలా. గోడకానుకోని వాకిలి తట్టే సూస్తాండాడు.

పిల్లోడు వచ్చినాడు. ఇరవై ఎనిమిదేండ్లుంటాయేమో. బక్కగా ఉంటాడు, గళ్ల చొక్కా, నొసట సన్నంగా ఎర్రగీత. రూపేష్ హోటలు కాఫీ తెప్పిస్తే వద్దన్నాడు, సంచీలోనించి సొంత నీళ్లసీసా తీసుకోని తాగినాడు. "మన కాఫీ ముట్టనోడు మన మేలు కోరతాడా?" అని మునిరామయ్య నా చెవిలో గొణిగినాడు. అనుమానం పట్టినాక మనిషి నీళ్లు తాగినా తప్పే కదా.

మునిరామయ్య కోర్టులో సాక్షిని నిలబెట్టినట్టు మొదలుపెట్టినాడు.

"ఏం స్వామీ, ఈ వేగవాణికి పోయిన సంవత్సరం లాభమెంత?"

"లాభం లేదు సార్. నష్టమే."

"నష్టమా! ఎంత?"

"నలభై కోట్లు."

నిర్మలమ్మ కళ్లద్దాలు తీసేసింది. ఆమె రిటైరైన హెడ్‌మిస్ట్రెస్సు, తప్పు లెక్క సూస్తే ఊరుకోదు. "నష్టమొచ్చే అంగడికి మూడొందల నలభై రూపాయలా నాయనా? మా బడిలో అయితే ఈ లెక్కకు సున్నా వేస్తాను."

"అమ్మా, వాళ్లు ఇప్పుడు ఊరూరికీ భూమిలో కేబులు వేస్తున్నారు. డబ్బంతా అందులో పోతోంది. కేబులు పూర్తయితే..."

"భూమిలో ఉండేదాన్ని మేం సూసినామా పెట్టినామా?" అన్నాడు మునిరామయ్య.

అబద్ధమెందుకు, నేను సూసినా. పుత్తూరు రోడ్డు పొడుగునా గుంత తవ్వి నారింజరంగు పైపులు పరుస్తాండ్రి. ఆ మాటే చెప్పినా. "గుంత ఉండాదప్పా. నేను సూసినా. గుంతలో ఏముండాదో మటుకు నాకు తెలీదు."

అంతలో పిల్లోడి సంచీలో గంట మోగింది. సెల్లు. తీసి ఆపినాడు. దాని ఎనకాలే ఇంకొకటి బయటపడింది. ఆ కాలంలో మా చిత్తూర్లో సెల్లు ఉండేవోళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. వీడి దగ్గర రెండు! రెండోదాని వీపుమీద వేగవాణి బొమ్మ.

"ఇది ఎవరిచ్చినారు స్వామీ?" అన్నా నేను మెల్లిగా.

"కంపెనీ వాళ్లే సార్. టెస్టింగు కోసం. నెల తర్వాత తిరిగి ఇచ్చేయాలి."

గదంతా గుప్పుమనింది. "సూసినారా! నేను చెప్పలే!" అని మునిరామయ్య ఎగిరి కూర్చున్నాడు. నిర్మలమ్మ "ఛీ" అనింది. కుప్పయ్య నా మొగం సూసినాడు. ఆ సూపు నాకిప్పటికీ కళ్లముందరే ఉండాది. తోట అమ్మొద్దని నేను చెప్పేస్తానేమో అని ఒక పక్క బాధ, ఒక పక్క నెమ్మది.

"టెస్టింగంటే ఏం చేస్తావు? నువ్వేమన్నా లైన్‌మానువా?" అని గట్టిగా అడిగినా.

పిల్లోడు సంచీలోనించి ఒక చిన్న పుస్తకం తీసినాడు. వాడు ఇయ్యకముందే నేనే లాక్కున్నా. నాకు కోపమొస్తే అంతే, మర్యాద మండీలో మర్చిపోయి వస్తా. పుస్తకం నిండా ఊర్ల పేర్లు. మద్రాసునించి వాడు ఏ బస్సెక్కితే ఆ బస్సు ఆగినచోటల్లా ఆ సెల్లు తీసి, సిగ్నలు గీతలు ఎన్నుండాయో సూసి రాసుకున్నాడు. తారీకు, టైము, బస్సు నంబరుతో సహా. తడ, రెండు గీతలు. నగరి, ఒకటి. పుత్తూరు, ఒకటి, మళ్లీ పోయింది. తిరుపతి బస్టాండు, మూడు. చిత్తూరు, సున్నా. చిత్తూరు ఎదురుగా ఆ సున్నా నాలుగుసార్లు ఉండాది, నాలుగు నెలలవి.

నేను ఆ పేజీలు అటూ ఇటూ తిప్పినా. కొట్టివేతలు లేవు. ఒకే పెన్నుతో ఒకే దినం కూర్చోని రాసిన దొంగలెక్క కాదు. మండీలో ఎన్ని దొంగ పట్టీలు సూసింటా నేను! నాకు తెలీదా?

"చిత్తూర్లో సున్నా అని నువ్వే రాసుకుంటివే?" అన్నా.

"ఉన్నదే రాశాను సార్. ఈ సంవత్సరంలో ఇక్కడికి కూడా వచ్చేస్తుందని నా అంచనా."

నాకు ఆ పిల్లోడి మీద అప్పుడే కొంచెం మనసు కరిగింది. లేనిదాన్ని ఉండాదని రాసుకోలేదు కదా అని. అందరికీ సూపించినా పుస్తకం. అందరం ఆ పిల్లోడి నిజాయితీని సూసినాం. ఆ సున్నాను మటుకు ఒక్కరం సూడలా.

అయినా ఒక మాట మిగిలింది. తోటల బ్రోకర్లను నేను కడాకు ఒకటే అడుగుతా. "ఈ తోట మంచిదన్నా, కొనుక్కో" అంటాడు కదా వాడు, "అయితే నువ్వూ దుడ్డు పెట్టి నాతో పాలు కలుస్తావా?" అంటా. సగం మంది అక్కడే జారుకుంటారు.

"సరే స్వామీ. మమ్మల్ని కొనమంటివి. నువ్వు ఎంత కొన్నావు?"

పిల్లోడు సీసా ఎత్తి తాగినాడు. "మా ఆఫీసు రూలు ప్రకారం నేను రిపోర్టు రాసే షేరు నా పేరున కొనకూడదు సార్."

"నేను రూలు అడగలా. నువ్వు కొన్నావా లేదా?"

పిల్లోడు నీళ్లు నమలబట్టె. ఎవరో "దొంగ" అన్నారు, ఈసారి మెల్లిగా కాదు. రూపేష్ మధ్యలో దూరి "అందరూ శాంతంగా ఉండండి సార్" అంటే వాణ్ణీ తిట్టి కూర్చోబెట్టినారు. నాకు తల తిక్కరేగింది. లేసి పిల్లోడి సంచీ నా భుజానేసుకున్నా.

"లెయ్. వ్యానెక్కు. కాణిపాకం పోదాం."

మా పక్క కోర్టులో తేలని తగువు కాణిపాకం వినాయకుడి ముందర తేలతాది. తలకు పోసుకోని, తడిబట్టల్తో స్వామి ముందర నిలబడి అబద్ధం చెప్పాలంటే ఎంత గుండెలు తీసిన బంటుకైనా కాళ్లు వణకాల్సిందే. శానామంది దారిలోనే ఒప్పేసుకుంటారు. లాయరు మునిరామయ్యే "మంచి మాట" అన్నాడంటే సూసుకోండి.

పిల్లోడి మొగం పాలిపోయింది. "మేము వైష్ణవులం సార్. వినాయకుడి గుడిలో ప్రమాణమంటే మా నాయన..."

"ఇదో, తప్పించుకుంటాండాడు!" అనింది నిర్మలమ్మ.

ఆ మాట తగిలింది వాడికి. "పదండి" అని వాడే ముందర మెట్లు దిగినాడు.

రూపేష్ వ్యానులో పదకొండు కిలోమీటర్లు. నేను వాడి పక్కనే కూర్చోని చెయ్యి పట్టుకోనుండా, మండీలో మాదిరి. చెమట లేదు. సల్లగా ఉండాది.

కుళాయి కింద తల తడుపుకోని, చొక్కా తీసి, కారే నీళ్లతో స్వామి ముందర నిలబడినాడు. ఏమేం చెప్పాల్నో మునిరామయ్య వరసగా చెప్పినాడు. పిల్లోడు ఒక్కొక్కటే తిరిగి చెప్పినాడు. ఏ కంపెనీ దగ్గరా పైసా తీసుకోలేదు. తాను నమ్మని మాట ఒక్కటీ వీళ్లకు చెప్పలేదు. లాయరు చెప్పింది అయిపోయినాక వాడంతట వాడే ఇంకొకటి చెప్పినాడు. "మా నాయన రిటైర్మెంటు డబ్బంతా మా అమ్మ వకుళాదేవి పేరు మీద ఈ షేర్లోనే పెట్టాను. ఆఫీసుకు తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. అందుకే అక్కడ చెప్పలేదు. ఇది సత్యం."

నిర్మలమ్మ కండ్లు తుడుచుకునింది. "తప్పయిపోయింది నాయనా" అని చెంగుతో వాడి తల తుడిచింది. నాకూ సిగ్గేసింది. కన్నతల్లి సొమ్ము పెట్టినోణ్ణి పట్టుకోని దొంగ అంటిమే అని. అంతసేపు వాణ్ణి నమిలి తిన్న నోళ్లే ఇప్పుడు "బంగారం లాంటి పిల్లోడు" అనబట్టె. తిరిగి పోయేటప్పుడు వ్యానులో ఒకటే నవ్వులు. రెండింతలు కొంటానని మునిరామయ్య, గాజులు అమ్మి కొంటానని నిర్మలమ్మ.

కుప్పయ్య నా ఎనక సీటులో ఉండాడు. నా భుజం తట్టినాడు.

"అన్నా, అయితే అమ్మేసేదా తోట?"

నేను ఎనక్కి తిరగను కూడా తిరగలా. "అమ్మేయ్‌రా. పిల్లోడు నిఖార్సైనోడు" అన్నా.

శుక్రవారం రిజిస్ట్రేషను అయింది. సోమవారం కుప్పయ్య పేరుమీద వేగవాణి షేర్లు కొన్నారు, మూడొందల అరవై రూపాయల లెక్కన.

మార్చిలో షేరు పడబట్టె. ఉగాదికి రెండొందల పది. రూపేష్ అందరికీ ఫోన్లు చేసి "అమ్మేయండి సార్, అమ్మేయండి" అని మొత్తుకున్నాడు. ఎవరు ఇంటారు? ప్రమాణం చేసిన షేరప్పా! మిగతా షేర్లు పడినప్పుడు అమ్మినోళ్లు కూడా దీన్ని అమ్మలా. కుప్పయ్యను నేనే అడిగినా ఒకసారి, అమ్మేద్దామా అని. "స్వామి ముందర చెప్పినాడు కదన్నా ఆ పిల్లోడు" అన్నాడు. బెంగుళూరా కాయలు మండీకి వచ్చేతలికి ఎనభై. వినాయకచవితికి ఇరవై రెండు. నేను తొంభైకి కొనింటి, నాకు తగిలింది చిన్న దెబ్బ. కుప్పయ్యకు ఏం మిగిలిందో మీరే ఆలోచించుకోండి.

చవితి పోయినాక ఒక మధ్యాన్నం నారాయణ్ మండీకి వచ్చినాడు. నొసట అదే గీత, చేతిలో అదే సంచీ. ఉద్యోగం పోయిందంట. ఒక్కొక్క ఇంటికీ పోయి కనపడి వస్తాండాడంట. గడ్డి పరిచిన నేలమీద నిలబడినాడు, కూర్చోమన్లా నేను.

"ఎందుకొచ్చినావు?" అని అరిచినా. హమాలీలంతా పని ఆపి సూసినారు. "నువ్వు దొంగవై ఉంటే ఎంత బాగుండునురా! నువ్వు దొంగవై ఉంటే మా కుప్పయ్య తోట మిగిలేది కదరా!"

వాడు తల వంచుకోలా. నా మొగం సూసే చెప్పినాడు. "అబద్ధం చెప్తున్నానేమోనని మీరందరూ అడిగారు సార్. నాకు తెలీదేమోనని ఎవరూ అడగలేదు."

"అడిగింటే?"

"గుడిలో అడిగుంటే, తెలీదనే చెప్పేవాణ్ణి. అది కూడా సత్యమే కదా సార్."

"అడక్కపోతే నీ నోరు పడిపోయిందా? నువ్వే చెప్పొచ్చు కదా!"

"చెప్పాల్సింది" అన్నాడు. "అంతమంది నన్ను దొంగ అన్నాక, ఒక్కసారిగా నమ్మేసరికి, ఆ నమ్మకం పోగొట్టుకోబుద్ధి కాలేదు."

వాణ్ణి కొట్టాలనిపించింది. వాళ్లమ్మ ఎట్లుండాదో అడగాలని కూడా అనిపించింది. రెండూ చేయలా. వాడు నమస్కారం పెట్టి పోయినాడు.

స్వామి తప్పేం లేదు. మేం అడిగిందానికి ఆయన ముందర నిజమే వచ్చింది. అడగాల్సింది అడగనోళ్లం మేము.

మళ్లా జనవరి వచ్చింది. తోటలు పూతకొచ్చినాయి. నా పని ఇదే కదా, పూతలోనే తోట సూసి, ఇంత కాపు కాస్తాదని అంచనా వేసి, బేరం చేసి కొనడం. చిత్తూరు ఆసామి కబురు పెట్టినాడు, తన తోట సూసుకోమని. ఏ తోటో చెప్పక్కర్లేదు. ప్లాట్లు వేసేది ఇంకా ఒక ఏడు పడతాది, అందాకా కాపు అమ్ముకుందామని ఉండాడు. కావిలికి మనిషిని పెట్టినాడు. ఎవరనుకున్నారు? కుప్పయ్యే. ఆ చెట్ల గుణం వాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

ఆసామి గట్టుమీద గొడుగేసుకోని కూర్చున్నాడు. కుప్పయ్య నన్ను చెట్టుచెట్టుకూ తిప్పినాడు. ఈ చెట్టు పోయినేడు కాయలేదు, ఈ ఏడు కాస్తాది, ఆ మూలది ఎప్పుడూ ముందర పండుతాది, అని చెప్తా వస్తాండాడు. మా ఇద్దరి మధ్య షేరు మాట రాలా. చవితి పోయినకాడినించి ఒక్కసారి కూడా రాలా. వాడు నన్ను తిట్టింటే నాకు ఎంతో నెమ్మదిగా ఉండును.

పూత మటుకు అద్భుతంగా ఉండాది. ఆకు కనపడకుండా పూసింది ప్రతి చెట్టూ. కొమ్మ వంచి సూసినా, పురుగు లేదు.

"ఎట్లుండాదన్నా పూత?" అని అడిగినాడు కుప్పయ్య.

"బాగుండాదిరా. అయినా చెప్పలేం. మంచు జాస్తి పడితే మాడిపోతాది. తేనెమంచు పురుగు తగిలితే రాలిపోతాది. పిందె నిలిచేదాకా ఎవుడూ చెప్పలేడు."

ముప్పై ఏండ్లుగా ప్రతి తోటలో ప్రతి రైతుకూ చెప్పే మాట అది. నేను ఆలోచించి చెప్పలా, నోట్లోనించి దానంతట అదే వచ్చింది. వచ్చినాక గాని, ఏమన్నానో నాకు తెలీలా. కొమ్మ వదిలేసినా. పూత నా తలమీద రాలింది.

కుప్పయ్య ఆగిపోయినాడు. నా మొగంలోకి సూసినాడు. కోపం లేదు వాడి మొగంలో, అదే నా కర్మ.

"ఆ దినం వ్యానులో ఈ మాటే చెప్పింటే అమ్మేవాణ్ణి కాదు కదన్నా" అన్నాడు.

అంతలో అవతల గట్టున మేకలు పడినాయి. వాడు కట్టె తీసుకోని అరుచుకుంటా అటు పరిగెత్తినాడు. ఆసామి తువ్వాలు పరిచి, బేరానికి చెయ్యి సాచినాడు. నా చెయ్యి చెమట పట్టింది. నాకు కుదరదప్పా అని చెప్పి బస్సెక్కినా. ఆ తోట నేను కొనలా.